తెర మధ్యలో ఒకే గీత

రూపాయి బిళ్ళ పడింది. పెట్టెలోంచి ముస్తఫా గేమ్ సంగీతం హోరెత్తుతోంది. బటన్ నొక్కితే గుద్దుల చప్పుడూ వినిపిస్తోంది. బొమ్మ మాత్రం లేదు. తెరంతా నిండాల్సిన వీధులు, కార్లు, రాక్షసబల్లులు అన్నీ నడిమధ్యన అడ్డంగా ఒకే ఒక్క తెల్లని గీతగా ముడుచుకుపోయాయి. చుట్టూ మూగిన పిల్లలు గేమ్ పోయిందంటారు. పాతకాలపు టీవీ మెకానిక్ అయితే ముందుగా బ్రైట్‌నెస్ తగ్గించేస్తాడు. ఆ వెలుగంతా ఒకేచోట పడితే తెర లోపలి పూత కాలి మచ్చ పడుతుందని అతనికి తెలుసు. ఆ తర్వాత, ‘వర్టికల్ ఒక్కటే పోయింది, తక్కినదంతా బాగుంది’ అంటాడు. అప్పటికి వెనక మూత ఇంకా విప్పనేలేదు.

అది గాలిలో వేసిన అంచనా కాదు. గీత వెలుగుతోందంటే పిక్చర్ ట్యూబులో హీటర్ వెలుగుతోంది. వేల వోల్టుల ఈహెచ్‌టీ తయారవుతోంది. కరెంటు సరఫరా అందుతోంది. ఎడమ నుంచి కుడికి గీసే లైన్ సెక్షన్ పనిచేస్తోంది. గీతను పైనుంచి కిందికి దించాల్సిన భాగం ఒక్కటే నిలిచిపోయింది. ఇలా పిక్చర్ ట్యూబుతో నడిచే సీఆర్‌టీ మానిటర్ తన జబ్బును తన తెర మీదే చూపిస్తుంది. ఇవాళ్టి ఎల్‌ఈడీ ప్యానెల్ చెడిపోతే చాలాసార్లు బోర్డు మార్చడం, లేదా టీవీనే మార్చడం. సీఆర్‌టీ అలా కాదు, బొమ్మ వంకరను బట్టి లోపల ఏ మూల చెడిందో చెప్పొచ్చు. అలా చెప్పగలిగినవాళ్లు ఒకప్పుడు ప్రతి మండల కేంద్రంలోనూ ఉండేవారు.

ఉదాహరణకు సురంగల్‌నే తీసుకుందాం. అది రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలోని ఊరు. మెహదీపట్నం నుంచి బయల్దేరే బస్సులు బీజాపూర్ రోడ్డు మీద, పాత మర్రిచెట్ల నీడన, మొయినాబాద్ మీదుగా చేవెళ్లకు వెళ్తాయి. ఆ రోడ్డుకు ఇరువైపులా ఇప్పుడు పొలాల నడుమ ఫామ్‌హౌసులు, రిసార్టులు లేచాయి. అలాంటి చోట ఎవరైనా ముచ్చటపడి పాత ఆర్కేడ్ పెట్టె ఒకటి తెచ్చి పెట్టుకున్నారనుకుందాం. అది ఆగిపోయిన రోజు ఎవరిని పిలవాలి? దానికి సర్వీస్ సెంటర్ అంటూ ఎక్కడా లేదు. పిలవాల్సింది చేవెళ్లలోనో మొయినాబాద్‌లోనో ఒకప్పుడు కలర్ టీవీలు బాగుచేసి, ఇప్పుడు డిష్‌లు బిగిస్తూ, మిక్సీలూ ఫ్యాన్లూ విప్పుకుంటున్న మెకానిక్‌నే. ఆ పెట్టెలో ఉన్నది అతనికి కొట్టినపిండి అయిన వస్తువే. ఈ సంగతి అతనికీ తెలియకపోవచ్చు, పెట్టె కొన్నవారికీ తెలియకపోవచ్చు.

మన పిల్లలు ముస్తఫా అని పిలుచుకున్న ఆ ఆట అసలు పేరు ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ దాన్ని 1993లో విడుదల చేసింది. ఆటలోని నలుగురు వీరుల్లో ముస్తఫా కైరో ఒకడు. సినిమా హాళ్ల పక్కన, బస్టాండ్ల దగ్గర వెలసిన వీడియో గేమ్ షాపుల్లో అతని పేరే ఆటకు స్థిరపడిపోయింది. ఆ పెట్టెలో ఆటను నడిపే సర్క్యూట్ బోర్డు వేరు, బొమ్మ చూపించే మానిటర్ వేరు. రెంటి మధ్యా సన్నని తీగలే ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఒక్కొక్కటి, సింక్‌కు ఒకటి, గ్రౌండ్‌కు ఒకటి. 1980ల నడుమ నుంచి జపాన్ తయారీదారుల సంఘం పేరు మీద ‘జమ్మా’ అనే 56 కాంటాక్టుల కనెక్టర్ అందరికీ ప్రమాణమైంది. అందుకే ఒక ఆట బోర్డు తీసి మరొకటి గుచ్చితే అదే పెట్టెలో కొత్త ఆట వచ్చేది. ఏళ్ల తరబడి మారకుండా పగలూ రాత్రీ వెలిగింది మానిటరే. పెట్టెలో మొదట అలిసిపోయేదీ అదే.

ఆర్కేడ్ మానిటర్ అంటే ట్యూనరూ స్పీకరూ లేని టీవీయే. ఈ చుట్టరికం మొదటి రోజు నుంచీ ఉంది. 1972లో అటారీ ఇంజినీరు అల్ ఆల్కార్న్ ‘పాంగ్’ ఆట నమూనా తయారుచేస్తూ, దుకాణంలో 75 డాలర్లకు దొరికిన హిటాచీ బ్లాక్ అండ్ వైట్ టీవీని తెచ్చి పెట్టెలో అమర్చాడు. ఆ పెట్టెను కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఆండీ క్యాప్స్ అనే మద్యశాలలో ఉంచారు. కొన్నాళ్లకే యంత్రం ఆగిపోయిందని కబురొచ్చింది. ఆల్కార్న్ వెళ్లి తలుపు తీసి చూస్తే టీవీ బాగుంది, సర్క్యూట్ బాగుంది. నాణేలు పడే డబ్బా నిండి పొర్లిపోయి కొత్త బిళ్ళ దిగడం లేదు! ఆ రోజు టీవీని అనవసరంగా విప్పి ఉంటే ఒక పూట వృథా అయ్యేది. ఇప్పటికీ అనుభవం ఉన్న మెకానిక్ ఆర్కేడ్ పెట్టె దగ్గరికి రాగానే చూసేది ప్లగ్గు, స్విచ్చి, ఫ్యూజు, కనెక్టర్లు. మానిటర్ సంగతి ఆ తర్వాత.

తర్వాత కాలంలో ఆర్కేడ్‌ల కోసమే మానిటర్లు చేసే కంపెనీలు వచ్చాయి. షికాగోలో 1925లో రేడియోలతో మొదలైన వెల్స్ గార్డ్‌నర్, కెనడాలో ఎలక్ట్రోహోమ్, ఇటలీలో హాంటారెక్స్, జపాన్‌లో నానావో. నానావో ఇప్పుడు ఈజో పేరుతో కంప్యూటర్ మానిటర్లు చేస్తోంది. పేర్లు ఎన్నున్నా లోపలి పద్ధతి కలర్ టీవీదే.

ఇక మన వైపు చూస్తే, టీవీ బాగుచేసే విద్య హైదరాబాద్‌కు అరువు తెచ్చుకున్నది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు, అంటే ఏ.ఎస్. రావు, 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. అణుశక్తి శాఖ కింద ఉన్న ఆ సంస్థ ఈసీ టీవీ పేరుతో సెట్లు తయారుచేసి ఇంటింటికీ పంపింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగంలో, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకు వెళ్లిన సెట్లు ఈసీఐఎల్ చేసినవే. ఊళ్లు తిరిగి వాటిని బాగుచేసే ఏర్పాటూ అప్పుడు ఉండేది. 1982 ఆసియా క్రీడలతో రంగుల ప్రసారం వచ్చాక కలర్ టీవీ మెకానిక్ అనే వృత్తి పట్నం దాటి మండలాలకు పాకింది. బ్లాక్ అండ్ వైట్ సెట్లతో చేతులు తిరిగినవాళ్లే రంగుల సెట్లనూ పట్టుకున్నారు.

ఆ చేతులు ఆర్కేడ్ మానిటర్‌కు ఎందుకు సరిపోతాయో చూపించే లెక్క ఒకటుంది. మన దూరదర్శన్ పద్ధతిలో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 పూర్తి బొమ్మలు. గుణిస్తే సెకనుకు 15,625 గీతలు. అమెరికా, జపాన్ పద్ధతిలో అది 15,734. చాలా ఆర్కేడ్ బోర్డులు ఈ రెండో అంకెకు అటూ ఇటుగా నడుస్తాయి. తేడా ఒక శాతం కూడా లేదు. కాబట్టి మన టీవీలోని లైన్ సెక్షన్‌కు ఆర్కేడ్ సిగ్నల్ పరాయిది కాదు. మారేదల్లా నిలువు వేగం. మన టీవీ ఒక్కో బొమ్మను రెండు విడతలుగా గీస్తుంది కనుక అది సెకనుకు 50, ఆర్కేడ్‌లో 60. పాత సెట్లలో వర్టికల్ హోల్డ్ తిప్పితే అది కూడా నిలబడుతుంది. 1990ల తర్వాతి సెట్లలో చాలామటుకు ఐసీ తనంతట తానే సర్దుకుంటుంది. ఒకటి మాత్రం మరవకూడదు. ఆర్కేడ్ బోర్డు నుంచి వచ్చే రంగుల సిగ్నల్ టీవీ ఐసీలు కోరే దానికంటే చాలా బలంగా ఉంటుంది. నడుమ రెసిస్టర్లు పెట్టి తగ్గించకుండా నేరుగా కలిపితే ఐసీ దెబ్బతింటుంది.

బొమ్మ ఎలా పడుతుందో తెలిస్తే జబ్బుల వివరం సులువవుతుంది. పిక్చర్ ట్యూబు మెడలో చిన్న హీటర్ నారింజ రంగులో వెలుగుతూ కాథోడ్లను వేడిచేస్తుంది. వాటి నుంచి వెలువడిన ఎలక్ట్రాన్లను 20 వేల వోల్టులకు పైబడిన ఈహెచ్‌టీ తెరవైపు లాక్కుంటుంది. మెడ చుట్టూ ఉన్న రాగితీగల చుట్ట, అంటే యోక్, ఆ ధారను అయస్కాంత బలంతో అడ్డంగానూ నిలువుగానూ తిప్పుతుంది. పొలంలో గొర్రుతో విత్తనం వేసుకుంటూ ఒక చివర నుంచి రెండో చివరకు వెళ్లి, అక్కడ గొర్రు ఎత్తేసి ఖాళీగా మొదటి గట్టుకు తిరిగొచ్చి, పక్క సాలు పట్టినట్టు ఆ ధార నడుస్తుంది. తిరుగు ప్రయాణంలో వెలుగు ఉండకూడదు. ఆ వెనక్కి దూకే క్షణంలో పుట్టే కుదుపునే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ పెంచి ఈహెచ్‌టీగా మారుస్తుంది. అంటే అడ్డం తిప్పే పనీ, వేల వోల్టులు పుట్టించే పనీ ఒకే జంట చేస్తోంది, హారిజాంటల్ ఔట్‌పుట్ ట్రాన్సిస్టరూ ఫ్లైబ్యాకూ. అందుకే లైన్ సెక్షన్ పోతే తెర మొత్తం చీకటే. వర్టికల్ పోతే గీత మిగులుతుంది.

ఇప్పుడు ఆ గీత దగ్గరికే వెళ్దాం. వర్టికల్ పోయిందనగానే ఐసీ కొనడానికి పరుగెత్తడం కొత్తవాళ్లు చేసే పని. ఐసీ కంటే ముందు టంకం చూడాలి. వర్టికల్ ఐసీ, యోక్ కనెక్టర్, ఫ్లైబ్యాక్ కాళ్లు, ఇవన్నీ వేడెక్కి చల్లారే చోట్లు. వేల గంటల తర్వాత టంకం చుట్టూ వెంట్రుకంత ఉంగరంలా పగులు పడుతుంది. మెకానిక్‌లు డ్రై సోల్డర్ అనేది దీన్నే. భూతద్దంతో చూస్తే కనిపిస్తుంది. పాత టంకం లాగేసి కొత్తది పెడితే సగం కేసులు అక్కడే ముగుస్తాయని అనుభవజ్ఞులు చెబుతుంటారు. ఆ తర్వాత ఐసీకి వోల్టేజీ అందుతోందా చూడాలి. చాలా మానిటర్లలో ఆ సరఫరా ఫ్లైబ్యాక్ నుంచే, చిన్న ఫ్యూజబుల్ రెసిస్టర్ గుండా వస్తుంది. ఆ రెసిస్టర్ తెగితే ఐసీ ఎంత మంచిదైనా పనిచేయదు. అది తెగడానికి ఐసీ షార్టయి ఉండటం కూడా కారణం కావచ్చు కనుక రెండూ కలిపి చూడాలి. చివరగా యోక్‌లో నిలువు చుట్ట తెగిందేమో మీటరుతో చూడాలి.

గీత అడ్డంగా కాక నిలువుగా నిలబడితే కథ తిరగబడుతుంది. అప్పుడు అనుమానం యోక్ అడ్డం చుట్ట మీదో, దాని కనెక్టర్ మీదో. బొమ్మ పైభాగం మడతపడి రెండు పొరలుగా కనిపిస్తే వర్టికల్ సెక్షన్ కెపాసిటర్లు ఎండాయి. బొమ్మ అలల్లా ఊగుతుంటే మెయిన్ ఫిల్టర్ కెపాసిటర్. బొమ్మ ఒకే వైపు పరుగెడుతూ నిలవకపోతే సింక్ తీగ. ఇది మానిటర్ తప్పు కానక్కర్లేదు, జమ్మా కనెక్టర్‌లో పట్టు వదిలినా అంతే. తెర మీద ఏటవాలుగా తిరుగు గీతలు తెల్లగా కనిపిస్తుంటే ఫ్లైబ్యాక్ మీద ఉండే రెండు పిడుల్లో కింది దాన్ని, స్క్రీన్ అని రాసి ఉన్నదాన్ని, కొద్దిగా తగ్గించాలి. పైది ఫోకస్. అక్షరాలు మసకగా ఉంటే దాని పని.

రంగు పోయిన కేసు చూడటానికి సరదాగా ఉంటుంది. ఎరుపు లేకపోతే మనుషులంతా నీలి ఆకుపచ్చ ఛాయలో తేలుతుంటారు. ఇక్కడ ఒక చిన్న ఉపాయం ఉంది. మానిటర్‌కు వచ్చే ఎరుపు తీగనూ ఆకుపచ్చ తీగనూ ఒకదాని చోట ఒకటి మార్చి చూడాలి. లోపం మరో రంగుకు మారితే తప్పు ఆట బోర్డుది, లేదా దారిలో తీగది. ఎరుపే లేకుండా ఉండిపోతే తప్పు మానిటర్‌ది. అప్పుడు ట్యూబు మెడకు గుచ్చిన నెక్ బోర్డు చూడాలి. అక్కడ ఒక్కో రంగుకు ఒక్కో ట్రాన్సిస్టర్ ఉంటుంది. అది పాడై ఉండొచ్చు, టంకం పగిలి ఉండొచ్చు. అన్నీ బాగుండి కూడా ఆ రంగు బలహీనంగా, ఆన్ చేసిన కాసేపటికి మెల్లమెల్లగా వస్తుంటే ట్యూబులో ఆ కాథోడ్ ఎమిషన్ తగ్గింది. రెజువనేటర్ అనే పరికరంతో దాన్ని కొంతకాలం లేపొచ్చు. అలా లేపితే ఒక్కోసారి పూర్తిగా పోతుంది కూడా. కాబట్టి చూడదగ్గ బొమ్మ ఇస్తున్న ట్యూబు మీద ఆ ప్రయోగం చేయకపోవడమే మంచిది.

తెర మూలల్లో రంగుల మరకలు వేరే సంగతి. లోపల షాడో మాస్క్ అనే సన్నని ఇనుప జల్లెడ ఉంటుంది. దానికి అయస్కాంతం అంటుకుంటే ఎరుపుకు వెళ్లాల్సిన ధార ఆకుపచ్చ మీద పడుతుంది. పక్కన స్పీకర్ పెట్టినా, ఆన్‌లో ఉన్న పెట్టెను దిక్కు మార్చి తిప్పినా ఇలా అవుతుంది. భూమి అయస్కాంత క్షేత్రానికే ఆ జల్లెడ అంత సున్నితంగా స్పందిస్తుంది. ఆన్ చేయగానే తెర చుట్టూ ఉన్న డీగాసింగ్ కాయిల్ గుమ్మని ఒక్కసారి మోగి ఆ మరకను చెరిపేస్తుంది. గుమ్మనడం మానేసిందంటే ఆ కాయిల్‌కు కరెంటు పంపే పోసిస్టర్ పోయినట్టు. ఖరీదైన భాగమేమీ కాదు. మరకలు చూసి ట్యూబు పోయిందని పారేసిన సెట్లు కొన్ని ఈ చిన్న భాగం కోసమే పోయి ఉంటాయి.

పూర్తిగా చచ్చిన మానిటర్, మెకానిక్‌ల మాటల్లో డెడ్ సెట్టు, ఇంకా ఓపిక అడుగుతుంది. ముందు ఫ్యూజు గాజును చూడాలి. తీగ సన్నగా తెగి గాజు తేటగా ఉంటే చిన్న కుదుపు. గాజు నల్లగా మాడి ఉంటే లోపల గట్టి షార్ట్ ఉంది. అది చూడకుండా కొత్త ఫ్యూజు వేస్తే అదీ పోతుంది. మన మెకానిక్‌ల బల్ల మీద ఉండే సిరీస్ బోర్డు ఇక్కడ దేవుడిలా ఆదుకుంటుంది. 100 వాట్ల పాత రకం బల్బును మానిటర్‌తో సిరీస్‌లో కలిపి కరెంటు ఇస్తారు. బల్బు ఒకసారి మెరిసి మసకబారితే షార్ట్ లేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే షార్ట్ ఉంది. కరెంటంతా బల్బు మింగుతుంది కాబట్టి కొత్తగా ఇంకేదీ కాలదు. ఈ పరీక్షకు ముందు డీగాసింగ్ కాయిల్ పిన్ను తీసేయాలి. లేకపోతే అది లాగే కరెంటుకే బల్బు వెలిగి తప్పుదారి పట్టిస్తుంది. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. ఫిలమెంట్ బల్బులు దుకాణాల్లో కరువవుతున్న కాలంలో నాలుగు దాచుకోవడం మంచిది.

షార్ట్ ఉందని తేలితే వరుస మామూలే. బ్రిడ్జ్ డయోడ్లు, పవర్ సెక్షన్‌లోని స్విచింగ్ ట్రాన్సిస్టర్ లేదా ఐసీ, ఆ తర్వాత లైన్ ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్. మన టీవీల్లో ఏళ్లపాటు రాజ్యమేలిన బీయూ 208డి, బీయూ 508 రకాలే చాలా మానిటర్లలోనూ సరిపోతాయి. వీటిలో డి అన్న అక్షరం ఉన్నవాటికి లోపలే ఒక డయోడ్, బేస్‌కూ ఎమిటర్‌కూ నడుమ ఒక చిన్న రెసిస్టర్ ఉంటాయి. అక్కడ మీటరు తక్కువ ఓములు చూపిస్తే అది షార్ట్ కాదు, దాని పుట్టుకే అంత. కలెక్టర్‌కూ ఎమిటర్‌కూ నడుమ రెండు వైపులా సున్నా చూపిస్తేనే పోయినట్టు. కొత్తది వేసిన క్షణాల్లో మళ్లీ పోయిందంటే తప్పు దానిది కాదు. ఫ్లైబ్యాక్ లోపల చుట్లు షార్టయి ఉంటాయి, లేదా దాన్ని నడిపే డ్రైవర్ దశలో కెపాసిటర్ ఎండి ఉంటుంది. లైన్ సెక్షన్‌ను విడదీసి, బీ ప్లస్ సరఫరా దగ్గర బల్బును లోడుగా పెట్టి, వోల్టేజీ నిలకడగా ఉందో లేదో ముందే చూసుకుంటే కొన్ని ట్రాన్సిస్టర్లు మిగులుతాయి.

బీ ప్లస్ అంటే లైన్ సెక్షన్‌కు అందే ప్రధాన వోల్టేజీ. మామూలుగా 100 నుంచి 140 వోల్టుల మధ్య, ఒక్కో మోడల్‌కు ఒక్కో అంకె. బొమ్మ వెడల్పు చాలట్లేదని దాన్ని పెంచేవాళ్లున్నారు. అది తప్పు. బీ ప్లస్ పెరిగితే ఈహెచ్‌టీ పెరుగుతుంది, ఈహెచ్‌టీ హద్దు దాటితే ట్యూబు నుంచి ఎక్స్‌రేలు పెరుగుతాయి. అందుకే మంచి మానిటర్లలో ఈహెచ్‌టీ హద్దు మీరగానే సెట్టును ఆపేసే సర్క్యూట్ పెట్టారు. ఆ రక్షణను తప్పించి నడిపించడం ఎవరూ చేయకూడని పని.

ఇంత చెప్పాక కరెంటు గురించి గట్టిగా చెప్పకపోతే తప్పవుతుంది. ప్లగ్గు పీకిన తర్వాత కూడా ట్యూబు గాజు తన లోపలి, బయటి పూతల మధ్య వేల వోల్టులు పట్టి ఉంచుతుంది. అనుభవం ఉన్నవాళ్లు పొడుగాటి పిడి ఉన్న చదును స్క్రూడ్రైవర్‌కు తీగ కట్టి, ఆ తీగ రెండో కొసను ముందుగా ట్యూబు వెనక నల్లపూతను ఆనుకుని ఉన్న అల్లిక తీగకు బిగించి, ఆ తర్వాతే ఈహెచ్‌టీ తీగ ట్యూబును చేరే చోట ఉండే రబ్బరు టోపీ కిందికి స్క్రూడ్రైవర్ దూరుస్తారు. టప్‌మని మెరుపు వస్తుంది. కాసేపాగి మళ్లీ చేస్తారు, గాజులో దాగిన ఛార్జి తిరిగి పైకి తేలుతుంది కాబట్టి. ఆ తీగను సర్క్యూట్ గ్రౌండ్‌కు బిగిస్తే ఐసీలు పోవచ్చు. అయితే ఈహెచ్‌టీ కంటే ప్రాణానికి ఎక్కువ ముప్పు తెచ్చేది పవర్ సెక్షన్‌లోని పెద్ద కెపాసిటర్. మన 230 వోల్టుల సరఫరా డీసీగా మారితే అందులో దాదాపు 320 వోల్టులు నిలుస్తాయి. దానికి చాలా శక్తి ఉంటుంది. పైగా పాత అమెరికన్ మానిటర్లలో చాలావాటికి ఛాసిస్ నేరుగా మెయిన్స్‌తో కలిసి ఉంటుంది. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా వాటిని ముట్టుకోకూడదు. అవి 110 వోల్టులకు చేసినవి కూడా కావొచ్చు, ప్లగ్గు పెట్టకముందే వెనక చీటీ చదవాలి. ట్యూబు లోపల శూన్యం ఉంటుంది. సన్నని మెడ పట్టుకుని ఎత్తితే అది విరగడమే కాదు, ఆ కుదుపుకు ట్యూబు మొత్తం పేలిపోయి గాజు ముక్కలు ఎగిరే ప్రమాదం కూడా ఉంది. వీటిలో ఏది కొత్తగా అనిపించినా ఆ మూత విప్పే పని మెకానిక్‌కు వదిలేయాలి.

సురంగల్ లాంటి ఊళ్లో ఈ జబ్బులకు స్థానిక కారణాలూ తోడవుతాయి. వ్యవసాయ మోటార్లు ఆన్ అయ్యీ ఆఫ్ అయ్యీ వోల్టేజీ ఎగుడుదిగుడవుతుంది. వానాకాలం ఉరుములప్పుడు లైను మీద పడే పోటుకు పవర్ సెక్షన్ మొదట దెబ్బతింటుంది. స్టెబిలైజర్ అలంకారం కాదు, మబ్బు పట్టగానే ప్లగ్గు పీకేయడం అంతకంటే నమ్మదగ్గది. ముసురులో ఫ్లైబ్యాక్ దగ్గర బుస్సుమనే శబ్దం, చిటచిటలు, ఘాటైన వాసన వస్తే ఈహెచ్‌టీ ఎక్కడో గాలిలోకి కారుతోంది. రబ్బరు టోపీ కింద చేరిన దుమ్మూ తేమా తుడిచి, గాజును ఆల్కహాల్‌తో శుభ్రం చేసి పూర్తిగా ఆరబెడితే చాలాసార్లు సర్దుకుంటుంది. ఫ్లైబ్యాక్ ఒంటికే పగులు పడి ఉంటే మార్చక తప్పదు. వెచ్చదనం కోసం చేరే బల్లులూ చీమలూ చేసే షార్టుల గురించి పల్లె మెకానిక్‌లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎలుకలు కొరికిన తీగలు వెతకడం కూడా పనిలో భాగమే.

ఏ జబ్బుకైనా మూలాన ఎక్కువసార్లు దొరికేది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. లోపలి ద్రవం వేడికి ఆవిరవుతుంది. వేడి 10 డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపవుతుందన్నది ఇంజినీర్లు పెట్టుకునే స్థూలమైన లెక్క. మూసిన చెక్క పెట్టెలో, తెలంగాణ ఎండల్లో, రోజంతా వెలిగిన మానిటర్‌లో ఆ లెక్క ఎటు తిరుగుతుందో చెప్పనక్కర్లేదు. తల ఉబ్బినవి కంటికే కనిపిస్తాయి. ఉబ్బకుండానే ఎండినవి ఈఎస్‌ఆర్ మీటరుకు దొరుకుతాయి. అందుకే ప్రపంచంలో ఆర్కేడ్ అభిమానులు ఒక్కో మానిటర్ మోడల్‌కు కావలసిన చిన్న కెపాసిటర్లన్నీ ఒక పొట్లంగా కొని ఒకేసారి మార్చేస్తారు. ఇక్కడ పొట్లం అక్కర్లేదు. బోర్డు మీదున్న విలువలు కాగితం మీద రాసుకుని, 105 డిగ్రీల రకం, అదే మైక్రోఫారడ్, అదే వోల్టేజీ లేదా కాస్త ఎక్కువ ఉన్నవి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో అడిగితే దొరుకుతాయి. ఎలక్ట్రానిక్ విడిభాగాలకు ఆ గల్లీ ఇప్పటికీ పెట్టింది పేరు. బిగించేటప్పుడు ప్లస్, మైనస్ తిరగబడకూడదు.

ఫ్లైబ్యాక్ దొరకడం మాత్రం రోజురోజుకూ కష్టమవుతోంది. పిక్చర్ ట్యూబు ఇంకా కష్టం. మన దేశంలో ఘజియాబాద్‌లో సామ్‌టెల్, మొహాలీలో జేసీటీ కలర్ ట్యూబులు చేసేవి, బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ బ్లాక్ అండ్ వైట్ ట్యూబులు చేసేది. ఆ కాలం ముగిసింది. కాబట్టి కాలిన ట్యూబుకు బదులు మరో పాత సెట్టు ట్యూబే దిక్కు. ప్యాక్‌మ్యాన్ 1980లో వచ్చిన దగ్గర్నుంచి ఏళ్లపాటు ఒకే ఆట ఆడించిన మానిటర్లలో, కరెంటు ఆపేసినా ఆ ఆటలోని చిక్కుదారుల గోడలు తెర మీద నీడలా కనిపిస్తూనే ఉంటాయి. అలాంటి తెరను ఏ టంకమూ బాగుచేయలేదు.

ట్యూబు మార్చాలంటే నాలుగు సంగతులు కుదరాలి. సైజు ఒకటి. మెడ లావు ఒకటి. 29 మిల్లీమీటర్ల మెడకు చేసిన సాకెట్టు, యోక్ 22 మిల్లీమీటర్ల సన్నమెడకు పట్టవు. హీటర్ వోల్టేజీ కలవాలి, చాలావాటిలో అది 6.3 వోల్టులు. యోక్ చుట్టల కొలత మానిటర్ సర్క్యూట్‌కు దగ్గరగా ఉండాలి. అడ్డం చుట్ట ఇండక్టెన్స్, నిలువు చుట్ట రెసిస్టెన్స్ కొలిచి పోల్చాలి. అడ్డం చుట్ట బాగా తేడా ఉంటే లైన్ ట్రాన్సిస్టర్ వేడెక్కి పోతుంది. యోక్ వదులు చేసి తిప్పితే మెడ మీది అయస్కాంత ఉంగరాల అమరిక చెదిరి, మూడు రంగులు ఒకేచోట పడక బొమ్మ అంచుల్లో రంగుల ఝాలర్లు వస్తాయి. అందుకని ట్యూబునూ దాని యోక్‌నూ విడదీయకుండా జంటగానే తెచ్చుకోవడం మేలు.

అలాంటి జంటలు చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లలో అటకల మీద ఇంకా ఉన్నాయి. పెళ్లిలో పెట్టిన 20 అంగుళాల సెట్టో, పిల్లల చదువు కోసం ఆపేసిన 14 అంగుళాల సెట్టో. పాత సామాన్ల బండికి వేసేవాళ్లు గాజు పగలగొట్టి రాగి తీసుకునేవారి చేతికి అది వెళ్తుందని గుర్తించాలి. గరాటు భాగపు గాజులో సీసం ఉంటుంది, తెర వెనక పూతపొడి ఊపిరిలోకి పోకూడదు. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాల ప్రకారం దాన్ని అనుమతి ఉన్న రీసైక్లర్‌కు ఇవ్వాలి. ఇచ్చేముందు ఒకసారి ఆన్ చేయించి చూడాలి. హీటర్ వెలిగి, బొమ్మ ప్రకాశంగా వస్తే ఆ ట్యూబు ఎవరికో అవసరమైనదే. మెకానిక్ ఛార్జి తీసేశాక ట్యూబు మీద అంటించిన చీటీలోని నంబరు, యోక్ మీది నంబరు ఒక కాగితం మీద రాసి సెట్టు వెనక అతికించి, తెర కిందికి ఉండేలా పరుపు మీద పెట్టి ఉంచమనాలి.